నిద్రలో మూతపడు ఊపిరిత్రోవ

గుఱకపెట్టి నిద్రించువారిని చూచి, ఎంత గాఢనిద్రయో యని మనవారు సంతోషించుట కలదు. గుఱకలన్నియు రోగములు కావు. కాని గుఱక నడుమ చప్పున నిలిచి, ఱొమ్ము ఎగసిపడుచున్నను గాలి లోనికి పోక, పిదప ఉలికిపాటుతో ఊపిరి మరల వచ్చుచున్నచో అది నిద్రాశ్వాసావరోధము. పెద్దవారియందు ఊపిరి ఆగుటగాని మిక్కిలి తగ్గుటగాని 10 సెకనులైన నుండినచో వైద్యులు దానిని లెక్కింతురు. అట్టివి గంటకు 5 దాటిన స్వల్పము, 15 దాటిన మధ్యమము, 30 దాటిన తీవ్రము.

ముక్కు వెనుకనుండి స్వరపేటిక వఱకు గల త్రోవకు గట్టి గోడలు లేవు. దానిని తెఱచియుంచునవి కండరములే. నిద్రలో అవి సడలును. మెడలో క్రొవ్వు చేరినను, దవడ చిన్నదైనను, టాన్సిళ్లు పెరిగినను ఆ మెత్తని గొట్టము మూతపడును.

ఎచ్చట మూతపడుచున్నదో కనుగొనుటయే కష్టము. మేల్కొన్నవాని త్రోవ తెఱచియే యుండును గదా! మొదట నోరు తెఱపించి, నాలుక చాపించి చూతురు. అంగిలియు కొండనాలుకయు ఎంతమేర కనబడునో దానిని బట్టి తరగతులేర్పఱచినవారు మత్తువైద్యులు మల్లంపాటి శేషగిరిరావుగారు. ఆ వ్యాసము 1985లో వెలువడెను. శస్త్రచికిత్సలో గొట్టము వేయుట కష్టమగునా యని ముందే యెఱుగుటకు వారు దానిని కల్పించిరి. అది నేడు నిద్రావైద్యులకును పనికివచ్చుచున్నది. తెలుగువారి యింటిపేరు లోకమందలి ఆసుపత్రులలో ప్రతిదినము వినబడుట మాకు ముచ్చటగా నున్నది.

అయినను అది మేలుకువలోని చూపే. 1991లో లండను వైద్యులు క్రాఫ్టు, ప్రింగిలు అనువారు రోగికి మందుతో నిద్ర కలిగించి, ముక్కుగుండ సన్నని దర్శిని పంపి చూచు పద్ధతిని ప్రకటించిరి. అంగిలి, ప్రక్కగోడలు, నాలుక మొదలు, ఉపజిహ్విక అను నాలుగింటిలో ఏది కూలునో అప్పుడు కంటికి కనబడును. నాలుక వెనుకకు జాఱువానికి అంగిలిని మాత్రము కోసిన లాభమేమి? మందునిద్ర సహజనిద్రతో సమానము కాదను ఆక్షేపణ లేకపోలేదు. పైగా ఈ పరీక్ష అందఱికిని అక్కఱలేదు. 1981లో సిడ్నీ నగరమున సల్లివను పండితుడు ప్రకటించిన, ఒత్తిడితో గాలిని పంపు యంత్రము ఏ చోటి మూతనైనను చాలవఱకు తెఱచియుంచును.

పిల్లలలో తఱచుగ కారణము టాన్సిళ్లును, ముక్కు వెనుకనుండు అడినాయిడులును. రాత్రి గుఱక, నోటితో ఊపిరి, పక్కతడుపుట, పగలు కునుకుపాటుగాని నిలకడలేమిగాని కనబడినచో, సోమరియని గద్దించుటకు ముందు చెవి-ముక్కు-గొంతు వైద్యునకు చూపవలెను. బిడ్డ నిద్రించు తీరును కొన్ని నిమిషములు ఫోనులో చిత్రించి తీసికొనిపొండు. వైద్యుడు తెలుగెఱుగనివాడైనను ఆ చిత్రము అతనికి అర్థమగును.