జాజ్, చర్చి గానం, పల్లెపాట.. ఏథెన్స్ కచేరీలో మూడూ ఎలా కలిశాయి?

గ్రీస్ అప్పుల ఊబిలో కూరుకుపోయిన ఏడాది 2010. మే నెలలో ఐఎంఎఫ్, యూరప్ దేశాల నుంచి భారీ రుణం తీసుకుంది. జీతాల కోతలు, సమ్మెలతో ఏథెన్స్ వీధులు అట్టుడికాయి. సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే అక్రోపొలిస్ కొండ పక్కనున్న హెరోడ్స్ అట్టికస్ రాతి రంగస్థలం మీద ఒక కచేరీ జరిగింది. క్రీ.శ. 2వ శతాబ్దంలో కట్టిన ఈ వేదికపై అమెరికా జాజ్ సాక్సోఫోన్ కళాకారుడు చార్లెస్ లాయిడ్, గ్రీకు గాయని మరియా ఫరాందూరి కలిసి పాల్గొన్నారు.

ఎవరీ ఫరాందూరి?

ఆమె 1947లో పుట్టారు. స్వరకర్త మికిస్ థియోడొరాకిస్ పాటలతో పేరు తెచ్చుకున్నారు. 1967లో గ్రీస్‌లో సైన్యం అధికారం లాక్కుంది, థియోడొరాకిస్ సంగీతాన్ని నిషేధించింది. ఆమె దేశం విడిచి వెళ్లి అవే పాటలు ఊరూరా పాడారు. 1974లో సైనిక పాలన పోయింది. అందుకే గ్రీకు జనానికి ఆమె గొంతు అంటే ఒట్టి పాట కాదు, కష్టకాలంలో తోడు నిలిచిన గొంతు.

కలిపింది ఏమిటి?

కచేరీకి వెన్నెముక మూడు భాగాల ‘గ్రీక్ సూట్’. పియానో కళాకారుడు టాకిస్ ఫరాజిస్ దీన్ని కూర్చారు. ఇందులో పాత చర్చి స్తోత్రం ఉంది, దాంతో పాటే పల్లె జానపదాలూ ఉన్నాయి. మూడో భాగంలో ఎపిరస్ కొండ ప్రాంతపు శోకగీతం వస్తుంది. హైదరాబాద్ వాళ్లకు మర్సియా ఎలాగో, అక్కడివాళ్లకు ఇది అలాగ.

అతుకు కనబడకపోవడానికి కారణం ఉంది. ఎపిరస్ పాటలు ఎక్కువగా ఐదు స్వరాల మీదే నడుస్తాయి, మన ఔడవ రాగాల్లాగా. జాజ్‌కు తల్లివేరైన బ్లూస్‌లోనూ ఐదు స్వరాల వరుసే ప్రధానం. అంటే రెండు దుఃఖాలకూ భాష దగ్గరదే! ఇక చర్చి గానంలో కింద ఒకే స్వరం ఆగకుండా మోగుతుంది, మన తంబూరా శ్రుతి మాదిరి. శ్రుతి నిలబడితే దాని మీద ఎవరైనా స్వేచ్ఛగా అల్లుకుపోవచ్చు. జాజ్ వాద్యకారులు చేసేది కూడా అదే.

మనకు తెలిసిన బంధాలు

సోక్రటిస్ సినోపులోస్ వాయించిన లైరాను నిలువుగా పట్టుకుని, తీగలను గోళ్లతో పక్కనుంచి తాకుతూ కమానుతో పలికిస్తారు. సారంగీ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. బైజాంటియం వాళ్ల లైరా అరబ్బుల రబాబ్‌ను పోలి ఉంటుందని 9వ శతాబ్దంలోనే ఇబ్న్ ఖుర్దాద్‌బిహ్ రాశారు. గ్రీకుల కలమతియానోస్ నాట్యం లెక్క 3+2+2. గజళ్లలో వినే రూపక్ తాళం కూడా అచ్చం ఇదే.

అంతేకాదు, లాయిడ్‌కు మన సంగీతం పరాయిది కాదు. దివంగత తబలా ఉస్తాద్ జాకిర్ హుస్సేన్‌తో కలిసి ఆయన చేసిన ‘సంగం’ ఆల్బమ్ 2006లో వచ్చింది. డ్రమ్స్ వాయించే ఎరిక్ హార్లాండ్ అందులోనూ ఉన్నారు, ఏథెన్స్‌లోనూ ఉన్నారు.

కలగాపులగం కాకుండా..

రెండు సంగీతాలను కలిపితే అసలు రుచి పోతుందని చాలామంది భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. కానీ ఇక్కడ ఫరాందూరి జాజ్ గాయనిలా మారిపోలేదు, లాయిడ్ గ్రీకు వేషం కట్టలేదు. పాట దాని బాణీలోనే ఉంది. చోటు దొరికిన దగ్గర సాక్సోఫోన్ జవాబిచ్చింది, పాట మొదలవగానే తగ్గింది. ఈ కచేరీ రికార్డింగ్‌ను ఈసీఎం సంస్థ 2011లో ‘ఏథెన్స్ కాన్సర్ట్’ పేరుతో విడుదల చేసింది. గ్రీకు భాష రాకపోయినా పర్వాలేదు. ముందు ఆ శోకగీతం వినండి, మిగతాది అదే లాక్కెళ్తుంది.