‘గాలివాన’ కథనము: ధ్వనిదృష్టితో ఒక పరిశీలన

ఆధునిక కథానికను ప్రాచీన లాక్షణికుల కొలబద్దతో కొలువరాదని కొందఱందురు. పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ను నిదానించి చదివినచో ఆ మాట నిలువదు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో ఈ కథకు ద్వితీయ బహుమతి లభించినది. ఆ ప్రసిద్ధిచేతనే కాబోలు, దీని కథనపద్ధతికంటె కీర్తియే హెచ్చుగా చర్చకు వచ్చుచుండును.

కథ ప్రథమపురుషలో నడచును. అయినను కథకుడు సర్వజ్ఞుడుగా వ్యవహరింపడు. న్యాయవాదియు, నియమపరాయణుడును, ఆస్తికతను గూర్చి ప్రసంగించుటకై రైలులో బయలుదేఱినవాడును అగు రావుగారి కన్నులే ఆతని కన్నులు. రావుగారి తలపులలోనికి పాఠకునకు ప్రవేశము కలదు. బండిలో ఆయన చీదరించుకొనిన బిచ్చగత్తె మనస్సులోనికి మాత్రము లేదు. ఆమె మాట వినబడును, చేష్ట కనబడును. అంతే.

ఈ నిగ్రహమే కథకు ప్రాణము. తుపాను రాత్రి స్టేషను వెయిటింగు రూములో భయార్తుడైన రావుగారికి ఆమె సాన్నిధ్యపు వెచ్చదనమే శరణ్యమైనది. ఆయన మేల్కాంచునప్పటికి ఆమె లేదు, పర్సును లేదు. పిమ్మట కూలిన టిక్కెట్ల గదిలో ఆమె మృతదేహము కనబడును. చేతిలో ఆయన పర్సు, టిక్కెట్ల సొమ్ము. దొంగతనము వాచ్యము. అంతకుముందు ఆమె చూపిన ఆదరము నిజమా, కపటమా? రెండును ఒక్క హృదయముననే ఉండెనా? కథకుడు చెప్పడు. ఆమె చిత్తమును తెలుపు వాక్య మొక్కటి యున్నను సందేహము తీఱెడిది. దానితో కథయు తీఱెడిది. ఆనందవర్ధనుడు ప్రతీయమానమని పేర్కొనిన అర్థమునకు ఇంతకంటె స్పష్టమైన ఆధునికోదాహరణము వెదకనక్కఱలేదు.

గాలివాన రావుగారి అంతస్సంక్షోభమునకు ప్రతీకయని చెప్పుట పరిపాటి. అది తప్పు గాదు, చాలదు. రసప్రక్రియలో తుపాను ఉద్దీపన విభావము. ఆలంబనము ఆ స్త్రీయే. ప్రతీకయని ఊరకొన్నచో ఆమె ఉపకరణమాత్రమగును. కథనదృష్టితో తుపాను చేసిన పని మఱియొకటి కలదు: బండిలోని జనమును తొలగించి, హోదాలు చెల్లని చోట ఇద్దఱిని మిగిల్చినది.

ముగింపున రావుగారి హృదయములోని మార్పును కథకుడు కొంత విప్పి చెప్పినాడు. రసభావములను స్వశబ్దముతో పేర్కొనుట దోషమని మమ్మటుని మతము. ఇచ్చట ఆ దోషచ్ఛాయ లేకపోలేదు. కాని అచ్చటను విప్పబడినది రావుగారి హృదయమే. ఆమె విషయమున చివఱివఱకు మౌనమే; ఆమె పేరు సయితము పాఠకునకు తెలియదు.