పందెపు గిత్త – పెంపకమూ, తరిఫీదూ

పోకెమాన్ ఆట తెలియని విద్యార్థి మన హాస్టల్లో అరుదు. అయితే ఆ ఆటలో కొట్లాటలే కాక ప్రదర్శన పోటీలు కూడా వుంటాయని చాలామందికి తెలియదు. 2002లో జపాన్‌లో విడుదలైన రూబీ, సఫైర్ అనే భాగాలలో వీటిని మొదటిసారి పెట్టారు. దర్జా, అందం, ముద్దు, తెలివి, గట్టితనం అని అయిదు గుణాలకు అయిదు పోటీలు. ఆడేవాడు ముందు పండ్ల మొక్కలు నాటి నీళ్లు పోసి పెంచాలి. ఆ పండ్లను రుబ్బి బిళ్లలు చేసి తన జీవికి తినిపించాలి. కారం తింటే దర్జా, తీపి తింటే ముద్దు, చేదు తింటే తెలివి, పులుపు తింటే గట్టితనం పెరుగుతాయి. చాలా జీవులకు స్వభావాన్నిబట్టి ఒక రుచి యిష్టం, ఒకటి అయిష్టం. ఎంత పెట్టినా తింటుందా అంటే తినదు, ఒక హద్దు దాటితే యిక ముట్టదు. కాబట్టి మొదట్లోనే నాసిరకం బిళ్లలు పెట్టినవాడు తరువాత ఎంత మంచివి చేసినా లాభం లేదు. పోటీలో మొదటి విడత రూపానికి, రెండో విడత విద్యకు.

యిదంతా మన వైరా ప్రాంతపు ఆసామికి చెబితే నవ్వుతాడేమో గాని ఆశ్చర్యపడడు. బండలాగుడు గిత్తను మేపినవాడికి యిందులో కొత్త ఏముంది? స్వభావం చూడటం, తిండి కుదర్చటం, హద్దు తెలియటం, రూపం, విద్య – అన్నీ అక్కడా వున్నవే. తేడా అల్లా ఒకటే, ఆటలో జీవికి నొప్పి వుండదు.

సంక్రాంతికి ఆంధ్ర పల్లెల్లోనూ, శివరాత్రికి మనకు దగ్గరలోని మేళ్లచెరువు జాతరలోనూ జరిగే యీ పందేలను మనలో అనేకులు చూసేవుంటారు. కాడికి కట్టిన గిత్తల జత నిర్ణీత కాలంలో రాతిబండను ఎంత దూరం లాగిందన్నదే లెక్క. దూరాన్ని అడుగులతో పాటు అంగుళాల్లో కూడా కొలుస్తారంటే పట్టుదల ఏపాటిదో వూహించుకోవచ్చు. విభాగాలు పళ్లనుబట్టి వుంటాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. పశువుకు పైదవడ ముందుపళ్లు వుండవు. కింది ఎనిమిది పాలపళ్లూ జతజతగా వూడి గట్టిపళ్లు వస్తాయి. పుట్టినతేదీ కాగితం లేని జీవికి వయసు చెప్పే సర్టిఫికెట్టు నోట్లోనే వున్నదన్నమాట. కొన్నిచోట్ల సేద్యపు ఎద్దులకు వేరే విభాగం పెడతారు. నా మటుకు అన్నిటికన్నా చూడదగ్గది అదే.

యిక ఎంపిక. ఒంగోలు జాతికి తెల్లని మేను, నిండైన మూపురం, జారిన గంగడోలు, పొట్టి కొమ్ములు, కంటి చుట్టూ నల్లని చార, నల్ల ముట్టె, నల్ల గిట్టలు, నల్ల తోకకుచ్చు లక్షణాలుగా చెబుతారు. అందాల పోటీకి యివన్నీ కావాలి. బండ దగ్గరకు వచ్చేసరికి అందం కన్నా కాళ్లూ, గిట్టలూ, ఛాతీ ముఖ్యం. అన్నిటికన్నా కష్టం జత కుదరటం. రెండూ మేటి గిత్తలే అయినా ఒకటి దూకుడుది, ఒకటి నెమ్మదిది అయితే కాడి వంకర తిరుగుతుంది. బరువంతా ఒకదాని మెడ మీదే పడుతుంది. బాట చివర బండను తిప్పేటప్పుడు దాపటిది నిలదొక్కుకోవాలి, వలపటిది చుట్టి రావాలి, లేదా అది నిలిస్తే యిది తిరగాలి. పందెం పోయేది ఎక్కువగా ఆ మలుపులోనే.

మేపు విషయం కొంచెం వివరంగా చెప్పాలి. పందెపు గిత్తకు ఉడకబెట్టిన ఉలవలు, పత్తిగింజలు, తెలగపిండి, తవుడు, జొన్నచొప్ప, పచ్చగడ్డి పెడతారు. కలిగినవారు ఖర్జూరం, ఎండుకొబ్బరి, గుడ్లు, పాలు కూడా పెడుతుంటారు. ఉలవల్లో మాంసకృత్తులు నూటికి యిరవై దాకా వుంటాయి. ఉడకబెడితే అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు తగ్గుతాయి కాబట్టి పెద్దల అలవాటు శాస్త్రానికి సరిపోయేదే. పత్తిగింజలో నూనె వుండి బలమిస్తుంది గాని గాసిపాల్ అనే విషపదార్థం కూడా వుంటుంది. నెమరువేసే పశువు దాన్ని కొంతవరకు తట్టుకుంటుంది, మితం తప్పితే తట్టుకోలేదు.

పశువు తిన్న మేతను ముందుగా జీర్ణించేది పశువు కాదు, దాని మొదటి పొట్టలో వుండే కోటానుకోట్ల సూక్ష్మజీవులు. అవి గడ్డికి అలవాటుపడినవి. పందెం దగ్గరపడిందని ఒక్కసారిగా గింజా పిండీ కుమ్మరిస్తే పొట్టలో ఆమ్లం పెరిగి, నెమరు ఆగి, గిత్త పడిపోతుంది. ప్రాణానికే రావచ్చు. అందుకని దాణాను రెండు మూడు వారాలపాటు కొంచెం కొంచెంగా పెంచాలి. గడ్డి మాత్రం ఏనాడూ మానకూడదు. తొట్టిలో మిగిలిన మేత కన్నా గిత్త నెమరేస్తున్నదా లేదా అన్నది ముందు చూడాలని మా వైపు ముసలి రైతులు అంటారు. పశువైద్యులు చెప్పేదీ అదే గదా!

తరిఫీదు కూడా మెట్లుమెట్లుగా సాగాలి. ముందు నడక, తరువాత ఈత, ఆపైన తేలిక బరువు, చివరికి బండ. ఈత వల్ల కీళ్ల మీద భారం పడకుండానే వూపిరి పెరుగుతుంది; కాలవలూ చెరువులూ వున్న పల్లెలకు అదొక వరం. బరువు లాగించిన మరునాడు విశ్రాంతి యివ్వాలి. గట్టినేల మీద నడిచే గిత్తకు గిట్టలు అరగకుండా నాడాలు కొట్టిస్తారు. కాడి రాసుకునే చోట మెడను రోజూ తడిమి చూడాలి. అక్కడ పుండు పడితే ఆ గిత్త బండను కాదు, కాడినే చూసి బెదురుతుంది.

అందాల పోటీల సంగతికొస్తే మన జాతి ఎక్కడో వెలుగుతున్నది. ఒంగోలు ప్రాంతం ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో వుండటంచేత బ్రెజిల్‌కు వెళ్లిన యీ పశువులకు అక్కడ నెలోర్ అన్న పేరు స్థిరపడింది. 2023లో వియాతినా–19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటాను వేలం వేస్తే, ఆ లెక్కన మొత్తం ఆవు విలువ సుమారు 43 లక్షల డాలర్లని తేలింది. తూకం 1,101 కిలోలు. గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ ఆవు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు పోటీలో ‘మిస్ సౌత్ అమెరికా’ బిరుదు కూడా పొందింది. యిక్కడ మాత్రం రిజర్వాయరు కింద దమ్ము ట్రాక్టరు చేస్తుంటే గిత్తల జతను ఏడాది పొడుగునా మేపగలిగే సన్నకారు రైతు ఎంతమంది? మేపేది ఎక్కువగా పొలం కోసం కాదు, పందెం కోసమే. పందేలు ఆగితే జాతి ఏమౌతుందని వారడిగే ప్రశ్నలో నిజం వుంది.

ఎదుటి ప్రశ్నలోనూ నిజం వుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పశువును హింసించి కొట్టటం, హానికరమైన మందులివ్వటం నేరాలు. 2011లో కేంద్రం ఎద్దును ప్రదర్శనకు తరిఫీదు యివ్వరాని జంతువుల జాబితాలో చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధించింది. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలను సవరించుకోగా 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ మూడింటిలో లేవు. చట్టం మాట అలావుంచి, ముల్లుకర్రతో పొడిచి, తోక మెలిపెట్టి గెలిపించిన జతను చూస్తే నాకు కలిగేది రోత. అది తరిఫీదు చేతగానివాడి పని. తరిఫీదైన జత కేకకే కదులుతుంది.

పందెం ముగియగానే గిత్తలను రాటకు కట్టేయకూడదు. రొప్పు తగ్గేదాకా మెల్లగా నడిపించాలి. నీడకు తెచ్చి, ఒళ్లు తడిపి, నీళ్లు ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా తాగించాలి. మెడ, మోకాళ్లు, గిట్టల సందులు చూసుకోవాలి. దాణా ఆ పూటకు వద్దు, గడ్డి చాలు. నెమరు మొదలైన తరువాతనే లారీ ఎక్కించాలి.