ప్లూటో: వీకెండ్‌కి ఇదొక్కటి చాలు

ఫైట్ల కోసమే యానిమే చూసేవాళ్లకి ‘ప్లూటో’ మొదటి ఎపిసోడే షాకిస్తుంది. 2023 అక్టోబర్ 26న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. 8 ఎపిసోడ్లే, ఒక్కోటీ దాదాపు గంట. తెజుకా ‘ఆస్ట్రో బాయ్’లోని ఓ కథని నవోకి ఉరసావా మర్డర్ మిస్టరీగా మార్చి గీసిన మాంగా దీనికి ఆధారం.

ప్రపంచంలోనే శక్తిమంతమైన 7 రోబోల్ని ఎవరో ఒక్కొక్కటిగా చంపేస్తుంటారు. కేసు చూసే డిటెక్టివ్ గెజిహ్ట్ కూడా ఆ ఏడింటిలో ఒకడే. యుద్ధంలో తోటి రోబోల్ని ముక్కలు చేసిన నార్త్ నంబర్ 2 మాత్రం ఒక అంధ సంగీతకారుడి ఇంట్లో బట్లర్‌గా చేరి, పియానో నేర్పమంటుంది. ఆ ముసలాయనేమో కసురుకుంటూనే ఉంటాడు. నాకైతే సిరీస్ మొత్తంలో ఇదే బెస్ట్.

గెజిహ్ట్ మెమరీలోంచి ఏదో తీసేశారు, పీడకల మాత్రం పోలేదు. రోజూ డేటా డిలీట్ చేసే మనలాంటివాళ్లకి ఇది గట్టిగానే తగులుతుంది.

చీకటి సీన్లున్నాయి, ఎండలో ఫోన్ పట్టుకుని చూడొద్దు. రాత్రి లైట్లాపేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, జపనీస్ ఆడియోలోనే చూడండి.