తివాచీ తడిస్తే ముడుచుకుంటుంది – కోత మాత్రం కూలీకి!
హోటళ్లు, ఆఫీసుల్లో శుభ్రం చేసే పనివారు తెలుసుకోవలసిన మెలకువలు

విశాఖపట్నం: వానలో తడిసిన నులక మంచం మర్నాటికి ఎలా బిగుసుకుంటుందో పల్లెలో పుట్టినవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నూతి చేదతాడు ఎండినప్పుడు వదులుగా ఉండి, తడిసినప్పుడు గట్టిపడటమూ తెలిసిందే. ఆ సంగతి తెలిసిన మనుషులే నగరంలో హోటళ్లలో, ఆఫీసుల్లో, మీటింగు హాళ్లలో శుభ్రం చేసే పనికి కుదిరి, వేల రూపాయల ఖరీదు చేసే తివాచీ మీద బకెట్టుతో నీళ్లు గుమ్మరిస్తున్నారు. తివాచీ అడుగున ఉన్నది కూడా నులకలాంటి నారేనని వారికి చెప్పినవారు లేరు.

ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం, పెందుర్తి మండలాల పల్లెల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి నగరానికి పనికి వచ్చేవారు ఎందరో ఉన్నారు. వీరిలో చాలామందికి పని ఇచ్చేది కాంట్రాక్టరు. చీపురు, గుడ్డ, సబ్బుపొడి చేతికిస్తారు. ఏ నేలను ఎలా కడగాలో చెప్పేవారు తక్కువ. గచ్చు కడిగినట్టే తివాచీనీ కడిగితే అది ముడుచుకుపోతుంది. ఆ నష్టం చివరకు జీతం కోతగా పనివారి మీదికి వస్తుంది.

ఎందుకు ముడుచుకుంటుంది?

గది అంతా పరిచే మేలురకం తివాచీలను మగ్గం మీద నేస్తారు. పైన కనిపించేది ఉన్ని. అడుగున పడుగు పేకలుగా ఉండేవి నూలు, జనపనార పోగులు. ఏలూరు తివాచీలకు కూడా పైన ఉన్ని, లోపల నూలు పడుగే. నేసేటప్పుడు ఈ పోగులను మగ్గం మీద బిగదీసి కడతారు. నీరు తగలగానే ఆ బిగువు సడలుతుంది. నార నీరు పీల్చి లావెక్కుతుంది. పోగు లావెక్కితే పొడవు తగ్గుతుంది. నులక బిగుసుకునేదీ ఇందుకే.

నూటికి ఒక వంతు ముడుచుకుంటే ఏమవుతుందిలే అనుకోవడం పొరపాటు. 30 అడుగుల హాలులో నూటికి ఒక వంతు అంటే మూడున్నర అంగుళాల పైమాటే. రెండు వంతులైతే 7 అంగుళాలు దాటుతుంది. గోడ వారన మేకుల చెక్కపట్టీకి బిగించిన అంచు ఊడి వస్తుంది. రెండు ముక్కలు కలిపిన అతుకు నోరు తెరుస్తుంది. ఒకసారి ముడుచుకున్నదాన్ని లాగి యథాస్థితికి తేవడం చాలా సందర్భాల్లో సాధ్యం కాదు.

ఇది చాలక మరో చిక్కు ఉంది. జనపనార బాగా తడిసి నెమ్మదిగా ఆరితే, అందులోని గోధుమరంగు నీటితోపాటు పైకి ఎక్కి ఉన్ని మీద మరకలు కడుతుంది. గోగునార ఊరవేసిన చెరువు నీటి రంగు చూసినవారికి ఇది వింత కాదు. 2009లో లాకౌట్ పడిన చిట్టివలస జూట్ మిల్లులో పనిచేసిన కుటుంబాలు భీమిలి ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. నార స్వభావం వారికి చేతివేళ్ల మీద తెలుసు. తివాచీ కడిగే పనికి అంతకంటే మంచి చదువు లేదు.

విశాఖకు ప్రత్యేకమైన బెడద

ఓడరేవు 1933లో ప్రారంభమైన నాటి నుంచి ఖనిజాలకు, బొగ్గుకు ఈ ఊరు దారి అయింది. ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేశారు. ఎర్రటి ఖనిజ ధూళి, నల్లటి బొగ్గు ధూళి చెప్పుల వెంట, గాలి వెంట గదుల్లోకి వస్తాయి. ఈ ధూళి పొడిగా ఉన్నంతసేపూ దులిపితే, పీలిస్తే పోతుంది. దాని మీద నీళ్లు పడితే మసిబురద అవుతుంది. అప్పుడు గుడ్డతో రుద్దినకొద్దీ పోగు మొదట్లోకి దిగుతుంది.

సముద్రపు గాలిలోని ఉప్పు రెండో బెడద. ఉప్పు తేమను పీల్చుకుంటుంది. ఎండాకాలంలో సైతం ఇక్కడ గాలి తడిగానే ఉంటుంది కనుక తడిసిన తివాచీ త్వరగా ఆరదు. ఆరకపోతే బూజు, వాసన.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు నగరంలో అద్దాల కిటికీలు పగిలి, వాన గదుల్లోకి కొట్టింది. కరెంటు రోజుల తరబడి లేదు. అటువంటి వేళ తడిసిన తివాచీని ఆరబెట్టడానికి ఫ్యాను కూడా తిరగదు. అందుకే తడిసిన వెంటనే నీటిని గుడ్డలతో అద్ది తీయడం, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడం ముఖ్యం. గోడవార అంచుల పట్టు ఉన్నంతవరకు ఊడదీయరాదు. వదులుగా పడి ఉన్న తివాచీ మరింత ముడుచుకుంటుంది.

చేయవలసిన పద్ధతి

మొదట అది ఏ రకమో తెలుసుకోవాలి. కనపడని మూల నుంచి ఒక పోగు తీసి, బయట జాగ్రత్తగా నిప్పు అంటించి చూడాలి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద నలిపితే పొడి అయితే అది ఉన్ని. కరిగి గట్టి పూసలా ముద్ద కడితే కృత్రిమ దారం. అంచు కొద్దిగా ఎత్తి అడుగున ఉన్నది నారా, ప్లాస్టిక్ అల్లికా చూడాలి. నార కనిపిస్తే బకెట్టు పక్కన పెట్టవలసిందే.

తర్వాత రంగు పరీక్ష. తెల్లగుడ్డను తడిపి పిండి, ఒక మూల అద్ది ఉంచాలి. గుడ్డకు రంగు అంటితే ఆ తివాచీని తడి చేయరాదు.

మురికిలో ఎక్కువ భాగం పొడి దుమ్మే. గాలి పీల్చే మిషనుతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నెమ్మదిగా లాగితే సగం పైన పని అయిపోతుంది. జనం ఎక్కువగా నడిచే గుమ్మాల దగ్గర రోజూ లాగాలి. గుమ్మం బయట గరుకు పట్టా వేస్తే లోపలికి వచ్చే దుమ్మే తగ్గుతుంది.

ఆ తర్వాత కూడా మురికి మిగిలితే తక్కువ తడి పద్ధతులు ఉన్నాయి. కొద్దిగా తేమ కలిపిన పొడిని చల్లి, బ్రష్‌తో పట్టించి, మురికిని పీల్చుకున్నాక మిషనుతో తీసివేయడం ఒకటి. నీరు లేకుండా నురుగు మాత్రమే వాడటం మరొకటి. ఏ పద్ధతిలోనైనా తడి ఉన్ని కొసలకే తగలాలి, అడుగు నేతకు దిగరాదు.

చాకలి సోడా ఉన్నిని పాడుచేస్తుంది. బ్లీచింగు ఉన్నిని తినేస్తుంది. వేడినీరు, గట్టిగా తోమడం ఉన్నిని ముద్ద కట్టిస్తాయి. కాఫీ, టీ ఒలికితే రుద్దకుండా తెల్లగుడ్డతో అంచు నుంచి మధ్యకు అద్దాలి.

కోతకూ ఒక పద్ధతి ఉంది

వస్తువు పాడైందని యజమాని తనకు తోచినంత జీతం కోయడానికి చట్టం ఒప్పుకోదు. పనివాడి నిర్లక్ష్యం వల్లనే నష్టం జరిగి ఉండాలి. కోత ఆ నష్టాన్ని మించరాదు. అన్నిటికంటే ముందు, సంజాయిషీ చెప్పుకునే అవకాశం పనివాడికి ఇవ్వాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచి ఉన్న ఈ రక్షణ 2019 నాటి వేతనాల స్మృతిలోనూ ఉంది. ఏ రకం తివాచీయో చెప్పకుండా, పని నేర్పకుండా బకెట్టు ఇచ్చి పంపినప్పుడు నిర్లక్ష్యం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది.

కనుక పని మొదలుపెట్టే ముందే ఇది ఉన్నా, నారా, తడి చేయవచ్చునా అని సూపర్‌వైజరును అడిగి, అతని జవాబును పని రిజిస్టరులో రాయించుకోవడం మంచిది. అంతకుముందే ఊడిన అంచులు, పాత మరకలు ఉంటే అవీ రాయించాలి. చదువు రానివారు తోటివారి ఎదుట అడగాలి.

కొత్తవారిని పనిలో పెట్టేటప్పుడు కాంట్రాక్టర్లు ఒక పూట కేటాయించి ఈ నాలుగు సంగతులు నేర్పితే తివాచీ నిలుస్తుంది, కూలీ జీతమూ నిలుస్తుంది. నులక మంచాన్ని వానలో వదిలేయకూడదని ఇంట్లో పెద్దలు చెప్పిన మాటే ఇది. నగరంలో చెప్పే పెద్దలు కరువయ్యారు.