నొప్పి తగ్గింది సరే, గౌట్ తగ్గిందా?

పోయిన వీడియోలో నేను కుంటుకుంటూ జీవామృతం కలపడం చూసి, కాలికేమైందని చాలామంది అడిగారు.

ముల్లు కాదండి. తెల్లవారుజామున కుడికాలి బొటనవేలు దగ్గర నిప్పు పెట్టినట్టయింది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాను. డాక్టరు గారు చూసి గౌట్ అన్నారు. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువైతే కీళ్ళలో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుందట. 1961లో అమెరికాలో మెక్‌కార్టీ, హోలాండర్ అనే వైద్యులు, గౌట్ రోగుల కీళ్ళలోంచి తీసిన నీటిలో ఈ సూదుల్ని మైక్రోస్కోపుతో గుర్తించారు.

సూదులు గుచ్చుకుని నొప్పి అనుకున్నా. కాదంట! అవి నెలల తరబడి గమ్మున పడి ఉండగలవు. మన రక్షణ కణాలు వాటిని మింగినప్పుడే గొడవ మొదలు. మింగిన కణం ఐఎల్-1 అనే రసాయనాన్ని వదులుతుంది. ఆ కేకకు న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు గుంపులుగా కీలులోకి దిగుతాయి.

న్యూట్రోఫిల్‌ది చిన్న ఆయుష్షు. పని అయిపోగానే తనంతట తనే చచ్చిపోవాలి, మాక్రోఫేజ్ అనే పెద్ద కణం దాన్ని మింగి శుభ్రం చేయాలి. అయితే స్ఫటికం తగిలిన న్యూట్రోఫిల్‌కి చావు వాయిదా పడుతుందని ప్రయోగశాలల్లో తేలింది. బతికినంతసేపూ వాపు పెంచే రసాయనాలు వదులుతూనే ఉంటుంది. అడవిపందుల్ని తోలడానికి వచ్చినవాళ్ళు ఇళ్ళకు పోకుండా చేలోనే తిరిగితే ఏమవుతుంది? పందుల కన్నా వాళ్ళ తొక్కుడే ఎక్కువవుతుంది.

మరి ఎలా తగ్గుతుంది? న్యూట్రోఫిల్స్ చివరికి తమ డీఎన్‌ఏని వలలా బయటికి విసురుతాయి. కణాలు బాగా గుమిగూడిన చోట ఈ వలలు ముద్దకట్టి, వాపు రసాయనాల్ని పట్టి ముక్కలు చేస్తాయని 2014లో జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు చూపించారు. అందుకే ఏ మందూ వాడకపోయినా చాలామందికి వారం, రెండు వారాల్లో నొప్పి దానంతటదే దిగిపోతుంది.

నా పొరపాటు ఇక్కడే. ఆరో రోజు మా బాబాయి చెప్పిన కషాయం తాగాను, ఎనిమిదో రోజుకి తగ్గింది. కషాయం గొప్పదని పదిమందికి చెప్పాను కూడా. స్ఫటికాలు మాత్రం లోపల అలాగే ఉన్నాయి. మూడు నెలలకు మళ్ళీ మంచం ఎక్కాను.

ఇంకో మాట. కొందరు అడవినాభి దుంప అరగదీసి తాగమన్నారు. దయచేసి ఆ పని చేయకండి. అందులో కొల్చిసిన్ ఉంది, నిజమే. న్యూట్రోఫిల్స్ కదలికను అడ్డుకోవడానికి డాక్టర్లు ఇచ్చేదీ అదే. కానీ వాళ్ళిచ్చే మాత్రలో ఉండేది అర మిల్లీగ్రాము. దుంపలో ఎంతుందో కొలిచేదెవరు? ఆ దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

ప్రకృతి సేద్యం చేస్తూ మాత్రలేంటని ఎగతాళి చేసేవాళ్ళు చేయనీ. యూరిక్ యాసిడ్ 6 లోపు నిలిస్తేనే పేరుకున్న స్ఫటికాలు మెల్లగా కరుగుతాయట. నాది 9 దాటి ఉండేది, మొన్న 7.1 వచ్చింది. వచ్చే నెల మళ్ళీ రక్తపరీక్ష ఉంది.