నక్షత్రముల సంగతి మన కెట్లు తెలియును?

వేసవి రాత్రులయందు ఆరుబయట పండుకొని ఆకాశమువంక జూచునపుడు, “ఆ చుక్కలు దేనితో జేయబడినవి?” అని పిల్లలు పెద్దల నడుగుచుందురు. ప్రశ్న చిన్నది గాదు. వెలుగు సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అట్టి వెలుగే రోహిణీ నక్షత్రమునుండి మనలను జేరుటకు 65 ఏండ్లకు పైగా పట్టుచున్నది. అచ్చటికి బోయి పిడికెడు మన్ను దెచ్చి పరీక్షించువా రెవరు? అందుచేతనే ఫ్రాన్సుదేశపు తత్త్వవేత్త ఆగస్టు కోంత్, నక్షత్రములలోని పదార్థములను మానవు డెన్నటికిని దెలిసికొనజాలడని 1835లో వ్రాసెను. ఆ మాట పాతికేండ్లయినను నిలువలేదు.

మన మచ్చటికి బోలేకున్నను అచ్చటి వెలుగు మనయొద్దకు వచ్చుచున్నది. అదియే నక్షత్రము వ్రాసిన జాబు. దానిని జదువు విధ మెట్టిదనగా:

పెద్దల యెదుట వంటయింటి మంటలో చిటికెడు ఉప్పు చల్లి చూడుడు. మంట పసుపువన్నె దాల్చును. అది ఉప్పులోని సోడియము గుర్తు. ఆ వెలుగును గాజుపట్టకముగుండ బంపి విడదీసినచో రెండు పసుపుగీతలు దగ్గర దగ్గరగా గానవచ్చును. ఇట్లే ఇనుమునకును ఉదజనికిని వేర్వేరు గీతలు గలవు. ఇద్దరి వ్రేలిముద్ర లొకటి గానట్లే ఒకదాని గీతలు మరియొకదానికి రావు. 1859లో జర్మనీదేశమున కిర్కాఫ్, బున్సెన్ అను శాస్త్రజ్ఞులు ఈ రహస్యమును స్థాపించిరి. 1864లో ఇంగ్లండున హగ్గిన్స్ రోహిణి వెలుగులో సోడియము, ఇనుము మున్నగువాని గుర్తులను జూచెను.

ఈ విద్యలో మన ప్రాంతమునకును పాలు గలదు. 1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము కలిగెను. జి.కొండూరునుండి బెజవాడ మీదుగా కృష్ణను దాటి పోయిన గుంటూరు వచ్చును. అచ్చట ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, మచిలీపట్టణమున మద్రాసు నక్షత్రశాలకు చెందిన పోగ్సన్ గ్రహణమును పరీక్షించిరి. సూర్యబింబపు టంచున లేచు జ్వాలలలో ప్రకాశించు గీతలు గానవచ్చెను. గ్రహణము లేకున్నను వానిని జూడవచ్చునని జాన్సెన్ గుంటూరులోనే మరునాడు కనిపెట్టెను. వానిలో నొక పసుపుగీత మొదట సోడియముదే యని తోచెను. అక్టోబరులో ఇంగ్లండున లాకియర్ జాగ్రత్తగా కొలిచి చూడగా, అది ఉప్పుగీతల చోటునకు సరిపడలేదు. భూమిమీద నెవరు నెరుగని పదార్థ మది! సూర్యుని గ్రీకుపేరునుబట్టి దానికి హీలియ మని పేరిడిరి. పెక్కుమంది నమ్మలేదు. కాని 1895లో రామ్సే యను రసాయనశాస్త్రజ్ఞు డొక ఖనిజమునుండి ఆ వాయువునే వెడలించెను. సూర్యునియందు దొరికిన వస్తువు ఇరువదియేడేండ్లకు భూమియందు దొరకెను!

వెలుగు మరి రెండు సంగతులు గూడ జెప్పును. కొలిమిలో ఇనుము మొదట ఎఱ్ఱగను, వేడి హెచ్చినకొలది తెల్లగను వెలుగును. అట్లే ఎఱ్ఱని ఆర్ద్రా నక్షత్రముకంటె తెల్లని చుక్కలు మిక్కిలి వేడి గలవి. రైలుబండి దగ్గరకు వచ్చునపుడు కూత హెచ్చుస్థాయిలోను, దూరమగునపుడు తగ్గుస్థాయిలోను వినవచ్చును గదా. నక్షత్రము మనవంక వచ్చుచున్నచో గీతలు ఊదారంగువైపునకును, దూరమగుచున్నచో ఎఱుపువైపునకును జరుగును.

మన పొయ్యిలోని ఉప్పును రోహిణిలోని ఉప్పుగుర్తును ఒక్కటే. సృష్టి యంతయు నొకే చేతివ్రాత. “ఇది యెన్నటికిని దెలియదు” అనుటకు ముందు, మనయొద్దకు వచ్చియే యున్న జాబును చదివితిమా యని ప్రశ్నించుకొనుట విద్యార్థులకు తగును.